పరదా వెనక గొంతు: ఒక పాట మిక్స్‌ను మొదట్నుంచి విప్పి చూసిన కేస్ స్టడీ

"అన్నా, గొంతు పరదా వెనక నుంచి వస్తున్నట్టుంది. ఫేడర్ పెంచితే అరుస్తున్నట్టుంది, దించితే మునిగిపోతోంది. మధ్యలో నిలబడే చోటే దొరకట్లేదు."

ఈ మాటలతో కేసు నా దగ్గరికి వచ్చింది. పాట కట్టిన కుర్రాడే వాయిద్యాలన్నీ రికార్డు చేశాడు. ఆ ట్రాకులన్నీ కలిపి తూచే మిక్సూ తనే మొదలుపెట్టాడు. మూడు వారాలు కుస్తీ పట్టి, ఇక లాభం లేదనుకుని ప్రాజెక్ట్ ఫైల్ మొత్తం నాకు పంపాడు. ఫైల్ తెరవకముందే ఆ ఫిర్యాదులో నాకు సగం సంగతి తెలిసిపోయింది. పెంచితే అరుపు, దించితే మునక అంటే అది ఫేడర్‌తో (ట్రాకు వాల్యూమ్ మీటతో) తీరే సమస్య కాదు. గొంతులో ఏదో ఒక భాగం మరీ ఎక్కువగా ఉంది, ఇంకో భాగం ఎక్కడో నలిగిపోయింది. ఫేడర్ ఆ రెండింటినీ కలిపే లేపుతుంది, కలిపే దించుతుంది.

పాట నిడివి 4 నిమిషాల 12 సెకన్లు. వేగం 84 బీపీఎం, అంటే నిమిషానికి 84 బీట్లు. 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48 వేల శాంపిళ్లు, అంటే శబ్దపు కొలతలు), 24 బిట్‌లో రికార్డయింది. మొత్తం 31 ట్రాకులు: ఒక ఆడగొంతు, దానికి రెండు వంత గొంతులు, రెండు మైకులతో తీసిన అకూస్టిక్ గిటార్, వేణువు, కీబోర్డ్ ప్యాడ్, బేస్, కొన్ని తాళవాద్యాలు. పెద్ద పాటేం కాదు. కానీ గొంతు ట్రాక్ ఒక్కదాని మీదే తొమ్మిది ప్లగిన్లు, అంటే శబ్దాన్ని మార్చే చిన్న సాఫ్ట్‌వేర్లు, కూర్చున్నాయి. పైనుంచి కిందికి వరస ఇదీ: రివర్బ్ (గది మోత), కంప్రెసర్ (గట్టి శబ్దాన్ని నొక్కేది), ఈక్యూ (ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచేది, దించేది), ఎక్సైటర్ (మెరుపు చేర్చేది), ఇంకో రివర్బ్, డిలే (ప్రతిధ్వని), స్టీరియో వైడెనర్ (వెడల్పు పెంచేది), డీ-ఎస్సర్ ('స' బుసను తగ్గించేది), లిమిటర్ (లెవెల్‌ను హద్దు దాటనివ్వనిది).

ఇన్నెందుకు పెట్టావని అడిగితే, "ఒక్కోటి పెట్టినప్పుడల్లా ముందుకంటే బాగున్నట్టే అనిపించిందన్నా" అన్నాడు. అబద్ధం కాదు. నిజంగానే బాగున్నట్టు అనిపించి ఉంటుంది. అసలు తంటా అక్కడే ఉంది.

ముందు లెవెల్ సరిచేసి వినడం

చాలా ప్లగిన్లు సౌండును కాస్త పెంచే బయటికి పంపుతాయి. కంప్రెసర్‌లో మేకప్ గెయిన్ (నొక్కాక తిరిగి లేపే వాల్యూమ్), ఈక్యూలో బూస్ట్, ఎక్సైటర్‌లో కొత్త హార్మోనిక్స్ (మూలస్వరానికి రెండింతలు, మూడింతల స్వరాలు), అన్నీ కలిపి డెసిబెల్ తర్వాత డెసిబెల్ చేరుస్తాయి. మన చెవికి ఒక బలహీనత ఉంది. రెండు సౌండుల్లో కొంచెం గట్టిగా ఉన్నదాన్నే బాగుందనుకుంటుంది. పైగా లెవెల్ పెరిగేకొద్దీ అడుగు స్వరాలూ పై మెరుపూ ఎక్కువగా వినిపిస్తాయి. ఈ సంగతిని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి గ్రాఫులు గీసి చూపించారు. అంటే ప్లగిన్ ఆన్ చేయగానే "అబ్బ, నిండుగా ఉంది" అనిపిస్తే, అందులో ప్లగిన్ గొప్పతనం ఎంతో, వట్టి వాల్యూమ్ ఎంతో చెప్పలేం.

మీటర్ పెట్టి చూస్తే ఆ తొమ్మిది ప్లగిన్ల గొలుసు పచ్చి రికార్డింగ్ కంటే సుమారు 5 డెసిబెళ్లు గట్టిగా ఉంది. దాన్ని 5 డెసిబెళ్లు దించి, పచ్చి గొంతుతో సమానం చేశాను. వాయిద్యాలు ఉన్నవి ఉన్నట్టే ఉంచి, పల్లవి ఒక్కటి రెండు రకాలుగా ఎక్స్‌పోర్ట్ చేశాను. ఫైళ్లకు "ఒకటి", "రెండు" అని మాత్రమే పేర్లు పెట్టి అతనికి పంపాను. పావుగంటలో జవాబొచ్చింది. "రెండోదే బాగుంది అన్నా, గొంతు కొంచెం దగ్గరికొచ్చింది. కొత్తగా ఏం పెట్టావ్?"

రెండోది పచ్చి గొంతు. దాని మీద ఏమీ లేదు.

ఆ మాట చెప్పాక ఫోన్‌లో కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం. గొంతు గొలుసు మొత్తం తీసేయడానికి అతను ఒప్పుకున్నది ఆ నవ్వు వల్లే అనుకుంటాను. వాదించి ఒప్పించాలంటే ఇంకో వారం పట్టేది.

ఆ గొలుసు గొంతును ఏం చేసింది

తీసి పారేయడానికి ముందు ఒక్కో ప్లగిన్‌నూ ఆఫ్ చేస్తూ విన్నాను. ఇది అనవసరమైన పని కాదు. తప్పు ఎక్కడ జరిగిందో తెలియకుండా కొత్తగా మొదలుపెడితే, అదే తప్పు ఇంకో పేరుతో మళ్లీ వస్తుంది.

అన్నిటికంటే పెద్ద నష్టం మొదటి రెండింటి వరసలో ఉంది. రివర్బ్ ముందు, కంప్రెసర్ వెనక. కంప్రెసర్ 8:1 మీద (త్రెషోల్డ్ అనే హద్దును 8 డెసిబెళ్లు దాటితే 1 మాత్రమే బయటికి), 12 డెసిబెళ్ల వరకు నొక్కుతూ, 60 మిల్లీసెకన్ల రిలీజ్‌తో (నొక్కుడు వదలడానికి పట్టే సమయం) పనిచేస్తోంది. గాయని పాడుతున్నప్పుడు గొంతు, దాని రివర్బ్ రెండూ కలిసి 12 డెసిబెళ్లు కిందికి వెళ్తాయి. ఆమె పదం ముగించి ఆగగానే లెవెల్ త్రెషోల్డ్ కిందికి జారుతుంది, కంప్రెసర్ చేయి వదిలేస్తుంది. అప్పుడు మిగిలిందేమిటి? రివర్బ్ తోక ఒక్కటే. దాన్ని నొక్కేవాళ్లు లేరు కాబట్టి, గొంతుతో పోలిస్తే అది 12 డెసిబెళ్లు లేచి కూర్చుంటుంది. వినేవాడికి గొంతుకూ గది మోతకూ మధ్య ఎప్పుడూ ఉండాల్సిన ఎడం చెరిగిపోతుంది. దగ్గరి మనిషి దూరంగా వినిపించేది ఇలాగే. అతను అన్న పరదా చాలావరకు ఇదే.

రెండోది కంప్రెసర్ అటాక్, అంటే నొక్కడానికి పట్టే సమయం. 0.02 మిల్లీసెకన్లు పెట్టాడు. అంటే పదం ఎత్తుకునేటప్పుడు వచ్చే తొలి దెబ్బ బయటపడకముందే పట్టేస్తుంది. ఇక్కడ ఇంకో చిక్కుంది. పాటలో గట్టిగా ఉండేవి అచ్చులు. ఊపిరి శబ్దాలు, 'స', 'శ' లాంటి ఊష్మాల లెవెల్ సాధారణంగా తక్కువ. 12 డెసిబెళ్ల నొక్కుడు పడేది అచ్చుల మీద, ఊష్మాలు త్రెషోల్డ్ కిందనుంచి తప్పించుకుంటాయి. తీరా మేకప్ గెయిన్‌తో మొత్తం లేపితే ఊపిరి, బుసబుసలు ముందు వరసలోకి వస్తాయి. ఫేడర్ పెంచితే అరుపులా అనిపించడానికి కారణం ఇదే. అతను ఆ బుసను డీ-ఎస్సర్‌తో కోశాడు, కోస్తే మసకబారింది, మసక పోవడానికి ఎక్సైటర్ పెట్టాడు, ఎక్సైటర్ మళ్లీ బుసను పెంచింది. కుక్క తన తోకను తాను తరుముకున్నట్టే.

వైడెనర్ గురించి ఎక్కువ చెప్పను. మోనోలో (రెండు పక్కల శబ్దాన్నీ ఒకటిగా కలిపి) విన్నాను, గొంతు 3 డెసిబెళ్లు పడిపోయింది. ప్రధాన గొంతు మీద దానికి చోటు లేదు.

గిటార్‌లో దాక్కున్న సమస్య

గొంతును పచ్చిగా ఉంచి మిగతా ట్రాకులు వింటే, గిటార్ ఏదో డబ్బాలోంచి వస్తున్నట్టుంది. ఈక్యూ తెరిస్తే దాని మీద మూడు బూస్టులు: 500 హెర్ట్జ్ దగ్గర, 1.5 కిలోహెర్ట్జ్ దగ్గర, 2.5 కిలోహెర్ట్జ్ దగ్గర. 2.5 దగ్గరైతే ఏకంగా 5 డెసిబెళ్లు.

ఆ మూడు అంకెలు చూడగానే అనుమానమొచ్చింది. 500, 1500, 2500. ఇవి యాదృచ్ఛికంగా పడే అంకెలు కావు. ఒకే శబ్దం రెండు మైకుల్లోకి 1 మిల్లీసెకను తేడాతో చేరితే, ఆ రెండు ట్రాకులూ కలిసినప్పుడు సరిగ్గా ఈ స్థానాల్లోనే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. 500 హెర్ట్జ్ తరంగానికి ఒక చుట్టు 2 మిల్లీసెకన్లు. అందులో 1 మిల్లీసెకను ఆలస్యమంటే సగం చుట్టు. ఒకటి పైకి లేచేటప్పుడు రెండోది కిందికి పోతుంది. 1500కి చుట్టున్నర, 2500కి రెండున్నర. స్పెక్ట్రమ్‌లో ఇది దువ్వెన పళ్లలా కనిపిస్తుంది కాబట్టే దీన్ని కోంబ్ ఫిల్టరింగ్ అంటారు. గది ఉష్ణోగ్రతలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. 1 మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు. రెండో మైకు మొదటిదానికంటే ముప్పావు మూర దూరం వెనక ఉందన్నమాట.

వేవ్‌ఫారమ్‌ను పెద్దది చేసి చూశాను. ఒకే మీటు రెండు ట్రాకుల్లో 48 శాంపిళ్ల ఎడంతో ఉంది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది అచ్చంగా 1 మిల్లీసెకను. వెనక ట్రాకును 48 శాంపిళ్లు ముందుకు జరిపాను. అంతే, గిటార్‌కు ఒళ్లు వచ్చింది. మూడు బూస్టులూ తీసేశాను.

ఇందులో గొంతుకు ఏం సంబంధం అంటారా? ఫేజ్ వల్ల, అంటే తరంగాలు ఇలా ఎదురుపడి, పడిన గుంతను ఈక్యూ పూడ్చలేదు. అక్కడ ఉన్నది దాదాపు సున్నా, సున్నాను ఎంత పెంచినా సున్నానే. బూస్ట్ పెంచేది గుంతకు రెండు పక్కలా ఉన్నదాన్ని. గుంతలో పోయాల్సిన మట్టితో చుట్టూ గట్టు కట్టినట్టు. ఆ గట్లు 2 నుంచి 3 కిలోహెర్ట్జ్ దాకా లేచాయి. గొంతులో మాట స్పష్టత ఎక్కువగా ఉండేదీ, చెవి అతి సున్నితంగా వినేదీ ఆ ప్రాంతంలోనే. అలా గిటార్ వచ్చి గొంతు కుర్చీలో కూర్చుంది. గొంతు వినపడట్లేదని గొంతు మీద ఎన్ని ఎఫెక్టులు పెట్టినా, మూల కారణం పక్క ట్రాకులో ఉంది.

ప్యాడ్‌దీ ఇదే జాతి సమస్య. వెడల్పుగా వినిపించాలని ఒక పక్క 18 మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టాడు. ఒకే శబ్దం ఇంత కొద్ది తేడాతో రెండుసార్లు చెవిలో పడితే, చెవి వాటిని ఒకటిగానే తీసుకుని, ముందొచ్చిన దిక్కునే శబ్దం ఉందనుకుంటుంది. 1949లో హెల్ముట్ హాస్ ఈ సంగతిని వివరంగా పరిశోధించాడు, అందుకే దీనికి హాస్ ఎఫెక్ట్ అని పేరు. స్టీరియోలో అందంగానే ఉంటుంది. మోనోలో మాత్రం 28 హెర్ట్జ్ దగ్గర మొదలై ప్రతి 56 హెర్ట్జ్‌కూ ఒక గుంత. అది తీసేసి, రెండు పక్కలా రెండు వేరువేరు ప్యాడ్ సౌండ్లు వాయించమన్నాను. నిజమైన వెడల్పు అలా వస్తుంది. దానికి పది నిమిషాలే పట్టింది.

గొంతు: మళ్లీ మొదట్నుంచి

ఇప్పుడు గొంతు దగ్గరికొచ్చాను. మొదటి పని ప్లగిన్‌తో కాదు. పదం పదం వింటూ, క్లిప్ గెయిన్‌తో లెవెల్ చేత్తో సర్దాను. బాగా గట్టిగా తగిలిన చోట 2, 3 డెసిబెళ్లు దించడం, మింగేసిన పదాలను కాస్త లేపడం. నలభై నిమిషాలు విసుగు పని. కానీ ఇది చేస్తే కంప్రెసర్ మీద పడే బరువు సగానికి సగం తగ్గుతుంది.

తర్వాత 90 హెర్ట్జ్ దగ్గర హై-పాస్ ఫిల్టర్, దాని కింద ఉన్నదాన్ని కోసేది. ఆమె పాడిన అతి కింది స్వరం 196 హెర్ట్జ్, కాబట్టి గొంతుకు తగిలేది ఏమీ లేదు. మైకు స్టాండ్ అదురు, గాలి దెబ్బ పోతాయి. ఇది కంప్రెసర్‌కు ముందే ఉండాలి. లేకపోతే 'భ', 'ఫ' లాంటి ఒత్తక్షరాల గాలి దెబ్బకు కంప్రెసర్ ఉలిక్కిపడి, ఆ పదం మొత్తాన్ని కిందికి తొక్కేస్తుంది.

ఇక బురద. పల్లవి శుభ్రంగా ఉంది, చరణాల్లో మాత్రం గొంతు మందంగా ఉంది. మొదట ఈక్యూతో 240 హెర్ట్జ్ దగ్గర 4 డెసిబెళ్లు కోశాను. చరణం బాగుపడింది, పల్లవి పలచబడింది. అప్పుడు అర్థమైంది: చరణాలు మెల్లగా పాడాలి కాబట్టి ఆమె మైకు దగ్గరికి వంగి పాడింది. ఒక దిక్కునే వినే మైకులకు ఎంత దగ్గరికెళ్తే అడుగు అంత పెరుగుతుంది. అంటే బురద ఎక్కువ తక్కువ అవుతూ ఉంటుంది. స్థిరంగా కోసే ఈక్యూ దీనికి పనికిరాదు. డైనమిక్ ఈక్యూ పెట్టాను. 240 దగ్గర శక్తి హద్దు దాటినప్పుడే, దాటినంత మేరకే, గరిష్ఠంగా 4 డెసిబెళ్లు తగ్గిస్తుంది. పల్లవిలో అది దాదాపు కదలనే లేదు.

కంప్రెషన్‌ను రెండు మెట్లుగా చేశాను. మొదటిది 3:1, అటాక్ 12 మిల్లీసెకన్లు, రిలీజ్ 80, గరిష్ఠంగా 4 డెసిబెళ్ల నొక్కుడు. ఆ 12 మిల్లీసెకన్ల కిటికీలోంచి పదం ఎత్తుగడ బయటికి దూకుతుంది. రెండోది ఆప్టికల్ తరహా, నెమ్మదిది, 2 డెసిబెళ్లు. ఈ తరహాకు పెద్ద పేరున్న ఎల్‌ఏ-2ఏ యంత్రంలో శబ్దం ఒక దీపాన్ని వెలిగిస్తుంది, ఆ వెలుగు పడిన సెల్ లెవెల్‌ను తగ్గిస్తుంది. రిలీజ్‌లో సగం చప్పున జరిగి, మిగతా సగం తాపీగా జరుగుతుంది. పాటలోని దీర్ఘాలకు అది నప్పుతుంది.

ఇక్కడో చిన్న పక్కమాట. అతను ముందు వాడినది 1176 అనే పాత కంప్రెసర్‌కు సాఫ్ట్‌వేర్ నకలు. అసలు యంత్రాన్ని బిల్ పట్నమ్ 1967లో తెచ్చాడు. దాని అటాక్ 20 నుంచి 800 మైక్రోసెకన్లు. అంటే అతి నెమ్మదిగా పెట్టినా 1 మిల్లీసెకను కూడా దాటదు. పైగా దాని నాబ్ తలకిందులు, కుడివైపు తిప్పేకొద్దీ వేగం పెరుగుతుంది. "నేను అటాక్ నెమ్మదిగానే పెట్టానన్నా" అని అతను గట్టిగా వాదించాడు. నిజానికి పూర్తిగా కుడికి తిప్పి పెట్టాడు. మొహమాటం లేకుండా చెప్పాలంటే, కొత్తలో నేనూ చాలా కాలం అదే పని చేశాను.

డీ-ఎస్సర్ దగ్గర నాకు అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది, ఎందుకంటే అక్కడ భాష అడ్డొస్తుంది. ఈ గాయని 'స' మొన 7 కిలోహెర్ట్జ్ చుట్టూ ఉంది. 'శ', 'ష' అంతకంటే కింద, 3.5 దగ్గర. డీ-ఎస్సర్‌ను 7 మీద పెడితే 'శ' దర్జాగా దాటిపోతుంది. రెండింటినీ పట్టేలా వెడల్పు చేస్తే మాట స్పష్టతే పోయి, నాలుక మడతపడ్డట్టు వినిపిస్తుంది. ఇక 'చ' సంగతి ఇంకా వింత. 'చిలుక'లో చ వేరు, 'చుక్క'లో చ వేరు. రెండోది దంత్యం, దాని బుస 'స' పక్కనే పడుతుంది. మనం ఒకే అక్షరం రాస్తాం గానీ, డీ-ఎస్సర్‌కు అవి రెండు. చివరికి 7 మీద ఒక మెత్తని డీ-ఎస్సర్ పెట్టి, 3 డెసిబెళ్లకు మించకుండా చూసి, మిగిలిన 'శ', 'ష'లను వేవ్‌ఫారమ్‌లో వెతికి పట్టుకుని ఒక్కొక్కటీ చేత్తో దించాను. పాట మొత్తంలో పందొమ్మిది ఉన్నాయి. ప్లగిన్ చేయలేని పని వేలితో ఇరవై నిమిషాల్లో అయిపోయింది.

రివర్బ్‌ను బయటికి తీసుకెళ్లడం

రివర్బ్‌ను గొంతు ట్రాక్ మీద పెట్టలేదు. విడిగా ఒక బస్ (పక్క దారి) చేసి, గొంతు నుంచి దానికి సెండ్ (నకలును పంపే మీట) ఇచ్చాను. ఇలా చేస్తే గొంతు పచ్చిగా తన దారిన తాను వస్తుంది, గది మోత ఇంకో దారిన వస్తుంది. మోతను నేను కోయొచ్చు, నొక్కొచ్చు, ఆపొచ్చు, గొంతుకు దెబ్బ తగలదు.

ప్లేట్ తరహా ఎంచుకున్నాను. 1957లో వచ్చిన ఈఎమ్‌టీ 140లో నిజంగానే ఒక పెద్ద ఉక్కు రేకును చట్రంలో బిగించి, దాన్ని కంపింపజేసి, ఆ కంపనాన్ని తిరిగి పట్టేవాళ్లు. గోడలు, పైకప్పు ఉన్న గది కాదు కాబట్టి అందులో విడివిడి ప్రతిధ్వనులు వినిపించవు, మోత మొదట్నుంచే చిక్కగా ఉంటుంది. గొంతుకు అది పట్టు బట్టలా అమరుతుంది.

ప్రీ-డిలే, అంటే గొంతుకూ మోత మొదలవడానికీ మధ్య ఎడం, 45 మిల్లీసెకన్లు. ఈ ఒక్క నాబ్ మీద నాకున్నంత నమ్మకం మిగతా వేటి మీదా లేదు. ఒక పెద్ద హాల్లో మనిషి మీ పక్కనే నిలబడి పాడితే, గొంతు ముందు మీ చెవిలో పడుతుంది, గోడలకు తగిలి వచ్చేది తర్వాత పడుతుంది. మనిషి హాలు అవతలి కొసన ఉంటే రెండూ దాదాపు కలిసే వస్తాయి. మెదడు ఈ ఎడం చూసే దూరాన్ని అంచనా వేస్తుంది. 45 మిల్లీసెకన్లంటే మోత సుమారు 15 మీటర్లు అదనంగా తిరిగి వచ్చినట్టు. గది పెద్దది, మనిషి మాత్రం దగ్గర. మనకు కావలసింది అదే కదా. పాత గొలుసులో ప్రీ-డిలే సున్నా. అంకె 45 ఎందుకంటే, 84 బీపీఎంలో ఒక బీట్ 714 మిల్లీసెకన్లు, దాన్ని పదహారుతో భాగిస్తే 44.6. తాళానికి సరిపోతుంది.

డికే 1.4 సెకన్లు, అంటే రెండు బీట్ల నిడివి. ఆ అంకె అర్థం మోత 60 డెసిబెళ్లు తగ్గడానికి పట్టే సమయం. రివర్బ్‌లోకి వెళ్లే ముందు 600 హెర్ట్జ్ కింద ఉన్నదంతా, 7 కిలోహెర్ట్జ్ పైన ఉన్నదంతా కోసేశాను. అడుగు వెళ్తే బురద, పైది వెళ్తే ప్రతి 'స'కూ ఒక తోక.

ఇంత చేసినా చరణంలో మాటలు కాస్త అలుక్కున్నట్టే ఉన్నాయి. తెలుగు పదాలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. పాటకు అది వరం, మిక్స్‌కు కొంచెం తలనొప్పి. పదం చివరి అచ్చును రివర్బ్ పట్టుకుని సాగదీస్తుంది, దాని మీదే తర్వాతి పదం హల్లు వచ్చి పడుతుంది. 'క్క', 'ట్ట' లాంటి ద్విత్వాల్లో ఉండాల్సిన ఆ చిన్న నిశ్శబ్దం నిండిపోతుంది. నిశ్శబ్దం లేని 'క్క' వట్టి 'క' అయిపోతుంది. సెండ్ తగ్గించి చూశాను, పాట ఎండిపోయింది. అందుకని రివర్బ్ బస్ మీద ఒక కంప్రెసర్ పెట్టి, దానికి సైడ్‌చైన్‌గా, అంటే ఎప్పుడు నొక్కాలో చెప్పే సంకేతంగా, పచ్చి గొంతును ఇచ్చాను. గొంతు పాడుతున్నంతసేపూ రివర్బ్ 4 డెసిబెళ్లు తల వంచుకుంటుంది. గొంతు ఆగగానే 250 మిల్లీసెకన్లలో మెల్లగా లేస్తుంది. మాట మాటలాగే ఉంది, ఖాళీలో మోత పూచింది. ఈ మిక్స్‌లో నాకు బాగా సంతృప్తినిచ్చిన పని ఇదే.

డిలేను పాటంతా పారనివ్వలేదు. పల్లవి చివరి పదాల మీద మాత్రమే, ఆటోమేషన్‌తో, ఒక బీట్ దూరంలో మూడు ప్రతిధ్వనులు. ఇక్కడ నేనే బోల్తాపడ్డాను. రెండో చరణం ముందు వేణువు ఆలాపన క్లిక్ (తాళం చూపే టిక్ టిక్) లేకుండా రికార్డయింది, వేగం 81కి జారింది. అక్కడ ఒక బీట్ 741 మిల్లీసెకన్లు. నా డిలే మాత్రం 714 లెక్కనే కొడుతోంది. మూడో ప్రతిధ్వని వచ్చేసరికి 80 మిల్లీసెకన్ల తేడా, తాళం తప్పినట్టే వినిపించింది. రెండు రోజులు నాకది తట్టనే లేదు, తబలా వాయించే స్నేహితుడొకడు వచ్చి విని "అక్కడ ఎవరో తడబడుతున్నారు" అన్నాడు. వేగం ఎక్కడ మారిందో చూపే టెంపో మ్యాప్ గీసి సరిచేశాను.

అదే వేణువు మీద ఉన్న కోరస్ ఎఫెక్ట్ తీసేశాను. కోరస్ స్వరాన్ని అటూఇటూ కొద్దిగా ఊపుతుంది. గమకం కూడా ఊపే. రెండు ఊపులు కలిస్తే ఏది వాద్యకారుడిదో ఏది యంత్రానిదో తెలియదు.

శాచురేషన్, బేస్, ఫోన్ స్పీకర్

బేస్ ఫోన్‌లో అసలు వినపడట్లేదు. ఆ చిన్న స్పీకర్లు 41 హెర్ట్జ్‌ను పలికించలేవు, ఎంత పెంచినా అంతే. కానీ 164, 205, 246 లాంటి దాని హార్మోనిక్స్ ఉంటే, చెవి లేని మూలస్వరాన్ని తనంతట తానే ఊహించుకుంటుంది. బేస్‌కు ఒక నకలు ట్రాక్ తీసి, దాన్ని గట్టిగా శాచురేట్ చేసి (హార్మోనిక్స్ పుట్టేలా కాస్త వంకర చేసి), 150 కింద కోసి, అసలు బేస్ కింద మెల్లగా కలిపాను. పెద్ద స్పీకర్లలో తేడా తెలియదు, ఫోన్‌లో బేస్ పుట్టుకొచ్చింది.

గొంతు మీద ఉన్న ఎక్సైటర్ ఎందుకు గరగరలాడిందో కూడా ఇక్కడే తేలింది. 48 కిలోహెర్ట్జ్ ప్రాజెక్ట్‌లో అందులో సగం, అంటే 24 పైన ఏ స్వరానికీ చోటు లేదు. 'స'లో 9 కిలోహెర్ట్జ్ దగ్గరున్న భాగానికి ఐదో హార్మోనిక్ 45 అవుతుంది. దానికి చోటు లేక అది మడతపడి 3 కిలోహెర్ట్జ్ దగ్గర దిగుతుంది. పాటతో ఏ సంబంధమూ లేని స్వరం, అదీ చెవి బాగా వినే చోట. ఆ ప్లగిన్‌లో ఈ మడతను తగ్గించే ఓవర్‌శాంపులింగ్ బటన్ ఉంది, ఆఫ్‌లో ఉంది.

అప్పగింత, ఆ తర్వాత

చివరికి గొంతు ఫేడర్ అతని మిక్స్‌లో కంటే 1.5 డెసిబెళ్లు కిందే ఉంది. అయినా ప్రతి మాటా వినిపిస్తోంది. గొంతు మీద ప్లగిన్లు ఐదు: ఫిల్టర్‌తో కలిపి డైనమిక్ ఈక్యూ, రెండు కంప్రెసర్లు, డీ-ఎస్సర్, ఒక చిన్న ఈక్యూ. ఆ ఆఖరిది అతని కోసమే. "అంతా బాగుంది గానీ ముందున్న మెరుపేదో పోయిందన్నా" అన్నాడు. మూడు వారాలు ఎక్సైటర్‌తో విన్న చెవి అది. 11 కిలోహెర్ట్జ్ పైన 1.5 డెసిబెళ్లు లేపాను, ఊరుకున్నాడు. నా మటుకు నాకు అదీ అక్కర్లేదు.

అతని రఫ్ మిక్స్ -8 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట మొత్తం చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గర ఉండేది. స్పాటిఫై లాంటి చోట మామూలు సెట్టింగులో -14కు సర్దేస్తారు కాబట్టి, అది 6 డెసిబెళ్లు దిగి, నలిగిన శబ్దం నలిగినట్టే మిగిలేది. నేను -12 దగ్గర, ట్రూ పీక్ (అసలు గరిష్ఠ లెవెల్) -1 దాటకుండా ఇచ్చాను.

పాట గాయనికి పంపాం. మర్నాడు ఆమె ఫోన్ చేసింది.

"చాలా బాగుందండీ. కానీ రెండో చరణంలో నేను 'వేళ' అనాల్సింది 'వేల' అన్నాను కదా?"

విన్నాను. నిజమే. ల. పాత మిక్స్‌లో ఆ చోట రివర్బ్ తోక ఎంత మందంగా ఉందంటే, ళ అయినా ల అయినా ఒకటే. పాట కట్టిన కుర్రాడూ, మూడు వారాలు విన్నవాడు, గమనించలేదు. ఇన్ని రోజులు అచ్చులూ హల్లులూ లెక్కపెట్టిన నేనూ గమనించలేదు.

ఆమె ఆ ఒక్క పంక్తిని మళ్లీ పాడి పంపింది. ఈసారి మైకుకు ఇంకా దూరంగా నిలబడినట్టుంది, అడుగు పలచగా ఉంది. డైనమిక్ ఈక్యూ దాని మీద ఏమీ చేయలేదు, చేయడానికి అక్కడ ఏమీ లేదు. ఆ పంక్తి వరకు 200 దగ్గర 2 డెసిబెళ్లు కలిపి, ముందు ఊపిరిని పాత టేక్ నుంచే ఉంచి, రెండింటినీ 'వే' మీద అతికించాను.

"ఇప్పుడు ళ వినిపిస్తోందండీ" అంది. ఫైల్ మూసేశాను.